వెంపలి చెట్టుకి నిచ్చెన: మోడల్ రైల్వేకి చెట్లు ఎలా చేసుకోవాలి

పోయిన ఎపిసోడ్‌లో థర్మోకోల్ పొరలతో కొండ వాలు ఎలా కట్టాలో చూశాం. దాని మీద మట్టి రంగు కూడా వేసేశాం. ఇప్పుడు నా వెనక బల్ల మీద కనిపిస్తున్నది బోడికొండ. దాన్ని ఇవాళ అడవి చేయడం మొదలుపెడదాం. చెట్లు కొనం, చేసుకుంటాం. అదీ ఊళ్లో ఎవరూ పట్టించుకోని పిచ్చిమొక్కలతోనే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను చేస్తున్నది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87. అసలు వస్తువు 87 మీటర్లుంటే మన బల్ల మీద 1 మీటరు. 1.7 మీటర్ల మనిషి ఇక్కడ 2 సెంటీమీటర్లు కూడా ఉండడు. నేను మోడల్ చేస్తున్న చోటు నల్లమలలో దొరబావి వంతెన. గుంటూరు–గుంతకల్ లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో రైళ్లు దాని మీదుగానే వెళ్లేవి. 1990ల్లో బ్రాడ్ గేజ్ వేసినప్పుడు ఘాట్‌లో లైను దారి మార్చారు, పాత వంతెన పని అక్కడితో అయిపోయింది. మీటర్ గేజ్ కాబట్టి నా పట్టాల మధ్య దూరం 12 మిల్లీమీటర్లు. 1000ని 87తో భాగిస్తే పదకొండున్నర వస్తుంది, దానికి దగ్గర్లో దొరికే ట్రాక్ 12.

ఈ చోటే ఎందుకంటే, మా తాతయ్య ఆ ఘాట్‌లో గ్యాంగ్‌మన్‌గా చేశారు. ఇప్పుడు ఆయనకి 80 దాటాయి. ఒక కంటికి చూపు బాగా తగ్గింది, రెండోదానితో దగ్గరగా పెట్టుకుని చూస్తారు. మొన్న వేసవిలో ఆయనకి యూట్యూబ్‌లో ఒక అమెరికా లేఅవుట్ చూపించా. కొండలు, చెక్క వంతెనలు, దట్టమైన పచ్చటి అడవి, అద్భుతంగా ఉంటుంది. చివరిదాకా చూసి ఒకటే మాట అన్నారు: "బాగుంది గానీ, ఎండాకాలం మన అడివి ఇంత పచ్చగా ఏడుంటాదిరా? ఆకు రాలితేనే కదా మాకు అవతలి మలుపులో బండి కనపడేది."

ఆ మాటతో నాకు రెండు విషయాలు తేలిపోయాయి. ఒకటి, నా మోడల్ మార్చి నెలలో ఉండాలి. రెండు, ఆయన ఈ చోటుని గుర్తుపట్టేది వంతెనని చూసి కాదు, చెట్లని చూసి. ఎత్తైన స్తంభాల వంతెనలు దేశంలో చాలా ఉన్నాయి. వంతెన చుట్టూ ఆకు రాల్చిన నల్లమద్ది, తెల్లగా మెరిసే తపసి, కింద లోయలో వెదురు పొదలు ఉంటేనే అది నల్లమల అవుతుంది. ఈ చెట్లు ఏ ప్యాకెట్‌లోనూ రావు. విదేశీ కంపెనీలు అమ్మేవి పైన్, ఓక్, మేపుల్. మన దగ్గర ఆర్కిటెక్చర్ స్టూడెంట్స్ కోసం అమ్మే ప్లాస్టిక్ చెట్లు అపార్ట్‌మెంట్ ముందు పెట్టడానికి పనికొస్తాయి, అడవికి కాదు.

అసలు ఈ ఎండు మొక్కల పద్ధతి మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో, యూరప్‌లో దశాబ్దాలుగా చేస్తున్నారు. మొదట్లో ఎక్కువగా వాడింది లైకెన్. రెయిన్‌డీర్ తినే నాచులాంటిది. నార్వే లాంటి చోట్ల సేకరించి, గ్లిజరిన్ పట్టించి, రంగు వేసి అమ్ముతారు. పాత లేఅవుట్ల ఫొటోల్లో గుబురుగా, స్పాంజి ముద్దల్లా కనిపించే చెట్లు చాలావరకు అవే. దూరం నుంచి బాగుంటాయి. దగ్గరికెళ్తే మాత్రం మాను ఉండదు, కొమ్మ ఉండదు, ముద్దే ఉంటుంది.

తర్వాత వచ్చింది సీ ఫోమ్. పేరులో సముద్రం ఉంది కానీ సముద్రానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, మెట్టనేలలో పెరిగే మొక్క. శాస్త్రీయ నామం టెలాక్సిస్ అరిస్టాటా. అమెరికాలో సీనిక్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ సూపర్‌ట్రీస్ పేరుతో అమ్ముతుంది. వెంట్రుకల్లాంటి సన్న కొమ్మలు, ఒక్కో రెమ్మ ఒక్కో చెట్టు. తమాషా ఏంటంటే, వృక్షశాస్త్రం ప్రకారం ఇది మన తోటకూర కుటుంబమే. అలాగే పడమటి అమెరికాలో మొద్దు మానులకి సేజ్‌బ్రష్ కొమ్మలు వాడతారు. అదేమో ఆర్టిమీసియా జాతి, అంటే వినాయక చవితికి పత్రిలో తెచ్చే మాచిపత్రికి దగ్గరి చుట్టం. కాబట్టి ఇవి అక్కడే దొరుకుతాయి, మనకి దొరకవు అని కూర్చోనక్కర్లేదు. అక్కడివాళ్లు వాళ్ల రోడ్డు పక్క ఉన్నది తెచ్చుకున్నారు. మనం మన రోడ్డు పక్క ఉన్నది తెచ్చుకుందాం.

సరే, ఏ మొక్కైనా పనికొస్తుందా? రాదు. ఇక్కడే నాలో ఉన్న ఇంజినీర్ బయటికొస్తాడు, ఒక రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రోగ్రామింగ్‌లో రికర్షన్ అని ఉంటుంది. ఒక ఫంక్షన్ తనని తానే మళ్లీ పిలుచుకుంటుంది, ప్రతిసారీ కొంచెం చిన్న పని మీద. చెట్టు పెరిగే తీరు కూడా దాదాపు అంతే. మాను రెండుగా చీలుతుంది, ప్రతి కొమ్మా మళ్లీ చీలుతుంది, ప్రతిసారీ ఇంకొంచెం సన్నబడుతుంది. అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే హంగరీ జీవశాస్త్రవేత్త 1968లో దీన్ని అక్షరాలు, నియమాలతో రాసే పద్ధతి చెప్పాడు. దాన్నే ఎల్-సిస్టమ్స్ అంటారు. వీడియో గేముల్లో, సినిమాల్లో కనిపించే కంప్యూటర్ చెట్ల వెనక ఈ ఆలోచన చాలా ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే లియొనార్డో డావిన్చీ తన నోట్సులో ఒకటి గమనించాడు: ఏ ఎత్తు దగ్గర చూసినా అక్కడున్న కొమ్మలన్నీ కలిపి కడితే మాను అంత మందం అవుతాయని.

మనకి దీంతో పనేంటంటే, కొన్ని మొక్కల్లో చివరి జానెడు ముక్క తీసుకుంటే అది మొత్తం చెట్టుకి చిన్న కాపీలా ఉంటుంది. అదే చీలిక, అదే సన్నబడటం. వైరు మెలితిప్పి చెట్టు చేస్తే ఎంత ఓపికున్నా మూడు, నాలుగు చీలికల దగ్గర చేతులు ఆగిపోతాయి. మొక్క మాత్రం ఆరేడు సార్లు చీల్చి పెడుతుంది, ఫ్రీగా. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, చెట్టుని తయారు చేయడం కంటే వెతకడం ముఖ్యం. నూటికి డెబ్బై వంతులు పని రోడ్డు పక్కనే అయిపోతుంది.

వెతికేటప్పుడు నేను చేసే పరీక్ష చాలా సింపుల్. ఎండిన రెమ్మని తెల్ల గోడ ముందు పట్టుకుని, ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తా. దాని పక్కన అసలు చెట్టు ఫొటో పెడతా. రెండిటిలో ఏది పెద్దదో ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చిందంటే ఆ రెమ్మ సంచిలోకి. కొమ్మలన్నీ ఒకే వైపు దువ్వినట్టు ఉంటే పారేయడమే. కాయలు, గింజల తొడుగులు పెద్దవిగా ఉంటే అవి గిల్లేయాలి. 5 మిల్లీమీటర్ల గింజ మన స్కేల్‌లో దాదాపు 43 సెంటీమీటర్లు. చెట్టుకి పుచ్చకాయలు వేలాడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు మొక్కలు.

(కెమెరా ముందుకి ఒక కట్ట తెచ్చి) ఇది వెంపలి. పొలం గట్ల మీద, బీళ్లలో, రైలు పట్టాల పక్కన, ఎక్కడ చూసినా ఉంటుంది. రైతులకి పచ్చిరొట్ట ఎరువుగా తెలుసు. ఇది ఒకటి రెండు అడుగుల మొక్కే అయినా కింద గట్టిపడి కర్రలా అవుతుంది. అసలు మాను 45 సెంటీమీటర్ల మందం అనుకుంటే మనకి కావాల్సింది 5 మిల్లీమీటర్లు, వెంపలి మొదలు సరిగ్గా ఆ లెక్కలో దొరుకుతుంది. కొమ్మలు కొంచెం వంకరగా, పొడి నేలలో కష్టపడి పెరిగిన చెట్టులా ఉంటాయి. నల్లమల వాలు మీద చెట్లకి ఉండే తీరు అదే. కాయలు ఎండి మెలితిరిగి ఉంటాయి, వాటిని తీసేయాలి. వేరుతో సహా పీకగలిగితే ఇంకా మంచిది. మాను నేలలోకి దిగేచోట వెడల్పు అయ్యే భాగం సహజంగా వచ్చేస్తుంది. కాకపోతే దీని వేరు మొండిది, వాన పడిన మర్నాడు పీకండి.

మన పెద్దవాళ్లు అంటుంటారు కదా, కలికాలం ముదిరితే మనుషులు వెంపలి చెట్టుకి నిచ్చెన వేసుకుని ఎక్కేంత చిన్నవాళ్లు అవుతారని. నా బల్ల మీద ఆ కాలం వచ్చేసింది. 2 సెంటీమీటర్ల గ్యాంగ్‌మన్ పక్కన 15 సెంటీమీటర్ల వెంపలి, నిచ్చెన లేకుండా ఎక్కలేడు పాపం.

వెంపలికి ఒకటే లోటు, చివరి కొమ్మలు కొంచెం మొరటు. అక్కడ గోరింట ఆదుకుంటుంది. గోరింట పూలు అయిపోయి, కాయలు ఎండాక మిగిలే గెల చూశారా? దారాల్లాంటి కాడలు, గోపురం ఆకారంలో. ఆ చిన్న గుండ్రటి కాయలు వేళ్లతో నలిపితే రాలిపోతాయి. మిగిలిన కాడల్ని వెంపలి కొమ్మల చివర్లకి జెల్ సూపర్ గ్లూతో అంటిస్తే, మాను వెంపలిది, తల గోరింటది. ఒక చెట్టుకి ఆరు నుంచి పది గెలలు పడతాయి. విదేశాల్లో సేజ్‌బ్రష్ మానుకి సీ ఫోమ్ తల అంటించడం కూడా ఇదే పద్ధతి.

తులసి గురించి కూడా చెప్పాలి. ముదిరి ఎండిన తులసి మొదలుకి ఉన్న బెరడు, ముడులు చూస్తే వందేళ్ల చెట్టు అనిపిస్తుంది. మా ఇంట్లో అమ్మ ఆ మాట నోట్లోంచి రాకముందే "కోటలో మొక్క జోలికెళ్తే ఊరుకోను" అంది. న్యాయమే. దాని బదులు సబ్జా, అదే రుద్రజడ, వాడుతున్నా. అదీ తులసి జాతే, తీరు కూడా అదే, దానికి ఎవరూ దీపం పెట్టరు.

వెదురుకి మాత్రం ఏ మొక్కా వెతకనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. కొండ చీపురు. పాతబడిన చీపురులోంచి సన్న రెల్లు ఒక్కొక్కటీ లాగి, ఇరవై ముప్పై కలిపి మొదట్లో దారంతో కట్టి, పైన విచ్చుకునేలా వదిలేయండి. 12 నుంచి 15 సెంటీమీటర్లకి కత్తిరిస్తే 10 నుంచి 13 మీటర్ల వెదురు పొద రెడీ. ఇంత తక్కువ శ్రమతో ఇంత నిజంగా వచ్చేది ఇంకోటి నేను చూడలేదు. కొండ దిగాక మైదానం వైపు నాలుగు తాటిచెట్లు పెడుతున్నా. వాటికి మాను కందికట్టె. తల మాత్రం కాగితంతో కత్తిరించిన విసనకర్రలే, దానికి సరిపడే మొక్క నాకు కనపడలేదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, దయచేసి స్కిప్ చేయకండి. రోడ్డు పక్క చూస్తే మీకు అన్నిటికంటే అందంగా, సన్నగా, సీ ఫోమ్‌తో పోటీపడేలా కనిపించే మొక్క ఒకటుంది. వయ్యారిభామ. పార్థీనియం, కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950ల్లో పూణే దగ్గర మొదట గుర్తించారు, ఇప్పుడు దేశమంతా ఉంది. ఎండిన వయ్యారిభామ తల చూస్తే ఎవరికైనా చెయ్యి పోతుంది, ఎందుకంటే విదేశాల్లో మోడలర్లు బాగా ఇష్టపడే యారో మొక్క కూడా ఇదే చామంతి కుటుంబం. కానీ దీన్ని ముట్టుకోవద్దు. కొంతమందికి చర్మం మీద దద్దుర్లు, దురద, ఇంకొంతమందికి ఉబ్బసం తెస్తుంది. ఎండిపోయినా ఆ గుణం పోదు. మనం చేసేది మామూలు పని కాదు, తుంపడం, నలపడం, ఫ్యాన్ కింద ఆరబెట్టడం. ఆ పొడి మొత్తం ఊపిరితిత్తుల్లోకే. గ్లవ్స్ వేసుకున్నా, మాస్క్ పెట్టుకున్నా, ఆ చెట్టు రోజూ మీ గదిలోనే ఉంటుంది కదా. ఇంట్లో పిల్లలో, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో ఉంటే అసలే వద్దు. ఏరుకోవడానికి వెళ్లేముందు దాని ఆకు ఎలా ఉంటుందో ఫొటోలో చూసి గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, నల్లమల చెట్లు చేస్తున్నాం కదా అని నల్లమల వెళ్లి ఏరకండి. అది టైగర్ రిజర్వ్, ఎండు పుల్ల అయినా తీసుకురావడం చట్టప్రకారం కుదరదు. పైగా అవసరం కూడా లేదు. వెంపలి మీ కాలనీ ఖాళీ ప్లాటులోనే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్తే మొక్కలు వాటంతట అవే ఎండి ఉంటాయి. తేమ తక్కువ, బూజు భయం తక్కువ.

తెచ్చాక చేసే పని ఓపికగా చేయాలి, ఎందుకంటే చెట్టు ఆయుష్షు ఇక్కడే తేలుతుంది. ముందు చిన్న కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా రెండు మూడు వారాలు వేలాడదీయండి. ఎండలో పెడితే పెళుసెక్కి విరుగుతాయి. తర్వాత గాలి చొరబడని కవర్లో పెట్టి ఫ్రీజర్లో నాలుగు రోజులు. పురుగులు, వాటి గుడ్ల కోసం ఇది. ఒక స్నేహితుడి లేఅవుట్ వానాకాలంలో రెండు నెలలు గుడ్డ కప్పి ఉంచాడు, తీసి చూస్తే చెట్ల కింద సన్నటి పిండి. మానులు లోపల గుల్ల. మన వాతావరణంలో, మరీ కోస్తాలో, ఇది తప్పదు. విదేశీ వీడియోల్లో ఈ స్టెప్ చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒక ముక్కలో చెప్పి వదిలేస్తారు.

ఫ్రీజర్ తర్వాత వెలిగారం. ఆయుర్వేదం సరుకులు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, బోరాక్స్ అంటే అదే. లీటరు గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చెంచాలు కలిపి, కొమ్మల్ని ఒక గంట ముంచి మళ్లీ తలకిందులుగా ఆరేయండి. పురుగుకీ, బూజుకీ అడ్డం పడుతుంది. ఆరేసేటప్పుడు ప్రతి రెమ్మ చివర బట్టల క్లిప్ ఒకటి తగిలిస్తే ఆ బరువుకి వంకర మాను సాగి నిటారు అవుతుంది. ఆ నీళ్లు పిల్లలకి, కుక్కలకి అందకుండా చూసుకోండి.

ఇక్కడ కెమిస్ట్రీ ఒక చిన్న మెలిక పెడుతుంది. విదేశీ వీడియోల్లో చెట్టుని నీళ్లు కలిపిన తెల్ల గ్లూలో, లేదా మ్యాట్ మీడియంలో ముంచమంటారు. మనకి తెల్ల గ్లూ అంటే ఫెవికాల్. వెలిగారం పట్టిన కొమ్మని ఫెవికాల్ నీళ్లలో ముంచితే బకెట్ మొత్తం జెల్లీ ముద్దలా మారుతుంది. పిల్లలు స్లైమ్ చేసుకునేది ఇదే రియాక్షన్‌తో. అందుకని వెలిగారం వాడిన వాటికి ఫెవికాల్ స్నానం లేదు. ఆరాక నేరుగా యాక్రిలిక్ స్ప్రే పెయింట్ వేసేయండి, ఆ పొరే కొమ్మని గట్టిపరుస్తుంది.

రంగు విషయానికొస్తే, మాను అనగానే మన చెయ్యి బ్రౌన్ డబ్బా మీదకి వెళ్తుంది. చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసు ప్రభావం. బయటికెళ్లి పది చెట్లు చూడండి, ఎనిమిది బూడిద రంగులో ఉంటాయి. నేను అన్నిటికీ ముందు గ్రే ప్రైమర్ కొడతా. తర్వాత నల్లమద్దికి పల్చటి నలుపు. దాని బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది కాబట్టి నలుపు పగుళ్లలోకి దిగేలా వేసి, పైపైన గ్రే తుడుస్తా. టేకుకి కొంచెం లేత, మట్టి కలిసిన గ్రే. తపసి చెట్టుకి తెలుపు. ఈ తపసి గురించి ఒక మాట. వేసవిలో ఒక్క ఆకు లేకుండా, తెల్లటి ఒళ్లుతో, రాత్రి వెన్నెల్లో దెయ్యంలా నిలబడుతుంది. దీని జిగురే చెంచులు సేకరించి అమ్ముకునేది. కొండ వాలు మొత్తానికి ఐదారు తపసి చెట్లు చాలు, కళ్లు వాటి దగ్గరే ఆగుతాయి. తాతయ్యకి చూపు తక్కువ అని చెప్పా కదా, ఆయనకి ముందు కనపడబోయేది ఇవే అని నా లెక్క. అందుకే వంతెనకి రెండు వైపులా పెడుతున్నా.

ఆకుల సంగతి. మార్చి కాబట్టి చాలా చెట్లకి ఆకు లేదు, నాకు సగం పని తప్పింది. కానీ మీరు వానాకాలం చేస్తుంటే ఈ లెక్క వినండి. టేకు ఆకు సుమారు 40 సెంటీమీటర్లు, మన స్కేల్‌లో నాలుగున్నర మిల్లీమీటర్లు. వేప ఆకులో ఒక్కో రెబ్బ 6 సెంటీమీటర్లు, మనకి 0.7 మిల్లీమీటర్లు. చింతాకు రెబ్బ ఒకటిన్నర సెంటీమీటర్లు, మనకి 0.2 కూడా రాదు, అంటే పొడి. కాబట్టి అన్ని చెట్లకీ ఒకే ప్యాకెట్ ఆకు చల్లితే అన్నీ ఒకే చెట్టులా ఉంటాయి. చింతకి జల్లెడ పట్టిన పొడి, వేపకి కొంచెం బరక, టేకుకి కాగితంలా పల్చటి ఎండుటాకు చిన్నగా తుంపిన ముక్కలు. పరుపుల షాపులో మిగిలిన ఫోమ్ ముక్కల్ని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, ఫ్యాబ్రిక్ కలర్ కలిపి ఆరబెడితే పొడి, బరక రెండూ వస్తాయి. దీనికి విడిగా ఒక పాత జార్ పెట్టుకోండి, వంటింటి జార్ వాడితే తర్వాత జరిగే పరిణామాలకి నేను బాధ్యుణ్ని కాదు.

నల్లమల వేసవిలో చెట్టు మీద కంటే నేల మీద ఆకు ఎక్కువ. అది చేయడానికి అసలు ఎండుటాకులే. ఎండిన ఆకులు మిక్సీలో పొడి చేసి, ముందు పిండి జల్లెడ, తర్వాత టీ వడకట్టే జల్లెడ. రెండిటి మధ్య మిగిలే రేకులు మన స్కేల్ ఆకులు. వాడేసి ఆరబెట్టిన టీ పొడి కొంచెం కలిపితే నీడ కింద తడిసిన ఆకులా ముదురు మచ్చలు వస్తాయి. బల్ల మీద నేలకి వెలిగారం లేదు కాబట్టి, ఇక్కడ ఫెవికాల్ నీళ్లు హాయిగా వాడొచ్చు. మోదుగ ఒకటి రెండు పెట్టండి, ఆకు లేకుండా నారింజ పూలు. ఆ రంగుకి పసుపు, కుంకుమ వాడదామని కొందరంటారు. పసుపు వెలుతురికి వెలిసిపోతుంది, యాక్రిలిక్ రంగే వేయండి.

నాటేటప్పుడు వరసలు వద్దు, సమాన దూరం వద్దు. వాలు కింద నీరు చేరే చోట దగ్గరదగ్గరగా, పొడవుగా. పైన రాతి మీద దూరదూరంగా, పొట్టిగా. ఎత్తులు కూడా స్కేల్ ప్రకారమే పెట్టండి. 12 మీటర్ల చెట్టు 14 సెంటీమీటర్లు, 20 మీటర్లది 23. రెడీమేడ్ చెట్లు చూసీ చూసీ మన కంటికి 8 సెంటీమీటర్లే సరైన ఎత్తు అని అలవాటైంది, అది అసలు లెక్కలో 7 మీటర్లు, ఇంటి జామచెట్టు.

పట్టాల పక్కన మాత్రం కొంత మేర ఏమీ పెట్టకండి. నేను ఆ వంతెన దగ్గర ఒక చెట్టు పెట్టి ఫొటో చూపిస్తే తాతయ్య వెంటనే, "దాన్ని అక్కడ ఉండనిచ్చేవాళ్లమా? ఆకు కూడా ఊడ్చేవాళ్లం, ఇంజన్ నిప్పు పడితే కొండంతా అంటుకుంటాది," అన్నారు. ఆవిరి ఇంజన్ల కాలం మాట. అందుకని ఆ చెట్టు పీకేసి, పట్టాలకి రెండు పక్కలా 4 సెంటీమీటర్లు నేల శుభ్రంగా ఉంచా. అసలు కొలతలో మూడున్నర మీటర్లు. ఒక పక్కన ఊడ్చిన ఆకు చిన్న కుప్ప కూడా పెట్టా.

నిప్పు మాట వచ్చింది కాబట్టి, మన బల్ల మీద కూడా ఇది ఎండు అడవే. స్ప్రే పెయింట్, హెయిర్ స్ప్రే రెండూ మండుతాయి. స్టవ్, దీపం, అగరబత్తి లేని గదిలో, కిటికీ తీసి కొట్టండి, ఆరేదాకా ట్రాక్‌కి కరెంట్ ఇవ్వకండి. వైర్ల జాయింట్లు చెట్ల కింద దాచకుండా బల్ల కింద ఉంచండి.

లెక్క చెప్తా: ఇప్పటికి 140 చెట్లు అయ్యాయి, ఈ 4 అడుగుల వాలుకి ఇంకో 60 దాకా కావాలి. ఒక్కో చెట్టుకి ఆరబెట్టే టైమ్ వదిలేస్తే పావుగంట, ఖర్చు పెయింట్, గ్లూ కలిపి ఐదారు రూపాయలు. మిగతా 60 అయ్యాక బల్లని ఊరికి తీసుకెళ్తున్నా. తాతయ్య కంటికి దగ్గరగా పెట్టడానికి వీలుగా దాన్ని రెండు ముక్కలుగా విడిపోయేలా చేశా. ఆ జాయింట్ ఎలా చేశానో, వంతెన స్తంభాల మీద రాతి గీతలు ఎలా గీశానో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.